వాకిటి రుసుమును పరస్పర సభ్యత్వమును

శృంగవరపుకోటకు దాపుననున్న పుణ్యగిరి నెక్కువానిని నీవెవ్వడవని యడుగువారు లేరు. శివరాత్రినాడు వేలకొలది జనము కొండ యెక్కి, జలధారలో స్నానమాడి, ఈశ్వరుని దర్శించి మరలుదురు. ఆ యూరనే రైలెక్కి, అనంతగిరి కొండల సొరంగములు దాటి బొర్రాగుహల కేగినచో, టిక్కెట్టు కొనక లోపల నడుగిడుటకు వీలులేదు. రెండును తూర్పుకనుమలలోనివే, రెండు తావులందును శివలింగమే పూజలందుకొనుచున్నది. ఒకచోట చేతులు జోడించిన జాలును. వేరొకచోట ఆ చేతిలో రుసుముండవలెను. నలుగురు బిడ్డలు గల గృహస్థు ఈ రెండవ వాకిట నిలిచి తలలు లెక్కపెట్టుకొనునప్పుడు, ఈ రుసుము నెవరు విధించిరి, దీనిని తగ్గించుకొను ధర్మమార్గ మేదైన గలదా యను ప్రశ్న సహజముగనే పుట్టును. ఆ ప్రశ్నకు చరిత్రయందు మంచి సమాధానము దొరకుచున్నది.

చూడదగిన స్థలముల వాకిట రుసుము గొనుట నవనాగరకత తెచ్చిపెట్టిన దురాచారమని మన పెద్దలలో కొందఱు తలంతురు. చరిత్ర యందులకు సాక్ష్యమీయదు. మన సీమ యాత్రికులకు జగన్నాథము చేరువనున్న మహాక్షేత్రము. విజయనగరము, శ్రీకాకుళము, ఇచ్ఛాపురము, గంజాము మీదుగా కాలినడకను వారు పురి చేరుచుండిరి. మరాటీల యేలుబడిలోనే యచట యాత్రికులవద్ద సుంకము తీయబడుచుండెను. 1803లో ఆ దేశము ఈస్టిండియా కంపెనీవారి వశమయ్యెను. వారు 1806లో ఈ సుంకమునకొక శాసనము గావించి, యాత్రికులను నాలుగు తరగతులుగా విభజించిరి. ధనికుడు లాల్ యాత్రి, అతనికి దిగువవాడు నీమ్‌లాల్, సామాన్యుడు భురంగ్, ఏమియు నీయలేనివాడు పుంజతీర్థి. ఉత్తరదిక్కున అఠారనాలా వంతెనకడ బ్రవేశించు లాల్ యాత్రి 10 రూపాయలు చెల్లింపవలెను. దక్షిణమున లోకనాథఘట్టము త్రోవను వచ్చువానికి 6 రూపాయలే. నీమ్‌లాలునకు ఉత్తరమున 5, దక్షిణమున 3. భురంగునకు 2 రూపాయలు. పుంజతీర్థికి రుసుము లేదు. ఎక్కువ యిచ్చినవానికి ఎక్కువ దినములు దర్శనము. తక్కువ యిచ్చినవానికి తక్కువ దినములు.

కావున మన దక్షిణపువారికి ఉత్తరాదివారికంటె సుంకము తక్కువయే. అయినను సంతోషింప బనిలేదు. వైతరణీనదికిని గంజామునకును నడుమ నివసించువారికి ఆ సుంకమే లేదు. సన్యాసులకు, బైరాగులకు లేదు. గంజామునకు దక్షిణముననున్న శృంగవరపుకోట రైతు మాత్రము, ఎన్నియో దినములు నడచి కాళ్లు బొబ్బలెక్కి వచ్చియు, ఘట్టముకడ నిలిచి తన తరగతి యేదో చెప్పుకొనవలసియుండెను. 2 రూపాయలనగా నానాటి కూలివానికి వారములతరబడి చేసిన కష్టము. 1830-31లో కాశీయాత్ర సల్పిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మరలివచ్చునప్పుడు జగన్నాథము చూచి, సముద్రతీరపు త్రోవను మన సీమ మీదుగనే చెన్నపట్టణము చేరిరి. అప్పటికిని ఈ సుంకము కొట్టివేయబడలేదు. 1840లో పదవ చట్టముచే అది రద్దయ్యెను. యాత్రికునిమీది దయచేత నది పోయినదనుకొనరాదు. క్రైస్తవప్రభుత్వము విగ్రహారాధనవలన ధనమార్జింపరాదని మిషనరీలు సీమలో చిరకాలము ఘోషించుటయే దాని రద్దునకు ముఖ్యకారణము. పేదవాని మొఱవలన గాక, పరమతస్థుని యభ్యంతరమువలన పేదవానికి మేలు కలిగినది. చరిత్రలో నిట్టి చిత్రములు పెక్కు.

ఈ విధానములో తగ్గింపు కలదు, మినహాయింపు కలదు. కాని యవి యన్నియు నేలువాని చిత్తము. పుట్టినచోటును, ధరించిన వేషమును, మోసికొనివచ్చిన మూటయు జూచి యిచ్చిన తగ్గింపులవి. త్రోవపొడుగునను యాత్రికుని నాదుకొన్న సత్రములును ఈ దోషమునకు దూరముగా లేవు. వానిలో పెక్కు కులమునుబట్టి యన్నము పెట్టినవే. నేను నీ స్థలమును కాపాడుటకు తోడ్పడుదును, నీవు నా స్థలమును కాపాడుటకు తోడ్పడుము. నీవచటికి వచ్చినను నేనిచటికి వచ్చినను ఇరువురమును సొంతవారమే యను పరస్పరభావము వానియందు లేదు. ఆ భావము సభ్యత్వముతో గూడి నిబంధనగా నేర్పడుటకు మఱికొంత కాలము పట్టినది.

1895 జనవరిలో ఇంగ్లండున ముగ్గురు కలిసి నేషనల్ ట్రస్టు అను సంఘమును స్థాపించిరి. అందు ఆక్టేవియా హిల్ లండను పేదలకు మంచి యిండ్లు సమకూర్చుటకై జీవితమును ధారపోసిన వనిత. రాబర్టు హంటర్ న్యాయవాది. హార్డ్విక్ రాన్‌స్లీ క్రైస్తవ పురోహితుడు. మరుసటి సంవత్సరము వారు ఆల్‌ఫ్రిస్టన్ అను గ్రామములో శిథిలమగుచున్న యొక పాత గడ్డియింటిని 10 పౌనులకు కొనిరి. అదియే వారు కొన్న మొదటి కట్టడము. నేడు వారి సభ్యులు లక్షలకొలదిగా నున్నారు. సభ్యుడు ఏటికొకసారి చందా చెల్లించును. ఆ యేడు సంఘముయొక్క యే కోటకు, ఏ తోటకు బోయినను వాకిట మరల రుసుమీయనక్కఱలేదు. ఏట నాలుగైదు తావులు చూచు కుటుంబమునకు చందాసొమ్ము తిరిగి వచ్చినట్లే.

1931లో స్కాట్లాండువారు తమ దేశమునకు వేరుగా నొక ట్రస్టును నెలకొల్పుకొనిరి. ఈ రెండు సంఘములును ఒకరి సభ్యుల నొకరు రుసుము లేకయే లోనికి రానిచ్చుటకు ఒడంబడిక చేసికొన్నవి. ఆస్ట్రేలియా ట్రస్టులతోను ఇట్టి యొడంబడిక కలదు. అమెరికాలో 1973లో పుట్టిన రాయల్ ఓక్ ఫౌండేషన్ సభ్యులకును ఇంగ్లండు ట్రస్టు తలుపులు తెఱచియే యుండును. పాత కోటలను, మఠములను కాపాడు ఇంగ్లీషు హెరిటేజి, స్కాట్లాండు చారిత్రక సంస్థ, వేల్సులోని కాడూ అను సంస్థలు వేఱొక పద్ధతి నవలంబించినవి. ఒక సంస్థ సభ్యుడు మొదటి సంవత్సరము ఇతరుల స్థలములకు సగము రుసుమిచ్చును. చందా తిరిగి చెల్లించిన పిమ్మట నేమియు నీయడు. క్రొత్తవాని నొక యేడు పరీక్షించి, నిలకడ గలవానికి పూర్తి మర్యాద చేయుట యిందలి యాలోచన కాబోలు. ఇది నాకు బాగుగనే తోచుచున్నది.

విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల యిండ్లలో నిపుడు కొడుకులో కోడళ్లో సముద్రము దాటియున్న యిండ్లు తక్కువ కావు. బిడ్డలను చూడబోయిన తల్లిదండ్రులు అచట కోటవాకిట ధరలపట్టిక చూచి, పౌనులను రూపాయలలోనికి మార్చుకొని, మీరు పోయిరండు, మేమిచటనే కూర్చుందుమనుట పరిపాటి. అట్టివారికి పై యొడంబడికలు నిజముగా నుపయోగించును. ఆస్ట్రేలియాలో స్థిరపడిన కుటుంబము అచటి ట్రస్టులో చేరియున్నచో, ఇంగ్లండునందలి బంధువుల యింటికి వచ్చిన నెలలో వేఱు టిక్కెట్లు కొననక్కఱలేదు. ఎడింబరోలో నున్నవారు స్కాట్లాండు ట్రస్టులో చేరినచో సరిహద్దునకు దక్షిణముననున్న తోటలును వారివే. పయనమునకు ముందు తమ సంఘపు కార్డును ఎవరెవరు అంగీకరింతురో ఆ సంఘమువారినే యడిగి తెలిసికొని, కార్డును వెంట గొనిపోవలెను. వాకిట మాటతో బని జరుగదు.

ఇక నిందొక చిక్కు కలదు. పలు సంవత్సరములుగా స్కాట్లాండు ట్రస్టు చందా ఇంగ్లండు ట్రస్టు చందాకంటె తక్కువ. కావున ఇంగ్లండున కాపురముండి, అచటి తోటలనే వారమువారము చూచుచు, చందా మాత్రము స్కాట్లాండునకు బంపు తెలివిపరులు కొందఱున్నారు. నిబంధన వారిని బట్టుకొనకపోవచ్చును. కాని వారు నడచిన నేలను ఊడ్చినవాని జీతము, వారు తలదాచుకొన్న కప్పు బాగుచేయించిన ఖర్చు వారి చందాలోనుండి రాలేదు. అతిథికై యేర్పడిన యొడంబడికను ఇంటివాడే యతిథివేషముతో వాడుకొనుట యిది. లాల్ యాత్రి సుంకమునకు జడిసి సన్యాసి కాషాయము కట్టినట్లున్నది. పొదుపు మంచిదే, ఏ కప్పుక్రింద నిలుతుమో ఆ కప్పునకు మన కాసు చేరునట్టి పొదుపును నేను గౌరవింతును.

మన దేశమున నీ లెక్క వేఱు. కేంద్ర పురావస్తుశాఖ సంరక్షణలో 3,600కు పైగా కట్టడము లుండగా, టిక్కెట్టు పెట్టినవి 150కి లోపే. 2018లో నిర్ణయించిన ధరలనుబట్టి భారతీయునకు మొదటి తరగతి స్థలమున 40 రూపాయలు, రెండవ తరగతి స్థలమున 25. విదేశీయునకు 600, 300. 15 ఏండ్లలోపు బిడ్డలకు రుసుము లేదు. సార్కు, బిమ్‌స్టెక్ దేశములవారికి భారతీయుల ధరయే. నేపాళము, సింహళము మనవారికి ఇతర విదేశీయులకంటె తగ్గింపు నిచ్చుచున్నవి గాని, పూర్తిగా స్వదేశపు ధర నిచ్చుటలేదు. కనుక నిది యింకను సగము పరస్పరతయే. పరదేశపు పౌరసత్వము పుచ్చుకొన్న తెలుగువాడు ఓ.సి.ఐ. కార్డు చూపినచో అతనికిని భారతీయుని ధరయే వర్తించును. ఈ సంగతి తెలియక వాకిట 600 చెల్లించి, ఇంటికి వచ్చి నొచ్చుకొనినవారిని నేనెఱుగుదును.

శృంగవరపుకోటనుండి భార్యాభర్తలు ముగ్గురు చిన్నబిడ్డలతో కోణార్కము చూడబోయిరనుకొందము. వాకిట వారికయ్యెడి వ్యయము 80 రూపాయలు. రైలుచార్జీ, బస, భోజనము దానికెన్నో మడుగులు. కావున వాకిటి రుసుమును తప్పించు కార్డు మన గృహస్థునకు మిగిల్చునది స్వల్పము. ఇచట కొఱవడినది తగ్గింపు గాదు, సభ్యత్వమే. బొర్రాగుహల టిక్కెట్టు పర్యాటకశాఖవారిది. రామతీర్థమున గురుభక్తులకొండమీది బౌద్ధశిథిలములు పురావస్తుశాఖవారివి. విజయనగరపు కోటలో మాన్సాస్ కళాశాలలు నడచుచున్నవి. ఈ మూటిని ఒక్క దినమున చూచివచ్చిన కుటుంబము మూడు వేర్వేరు దొరతనములలో తిరిగివచ్చినట్లే. ఒకదానికైనను తాను సభ్యుడనని చెప్పుకొనజాలదు. ఏటికి స్వల్పమగు చందా గొని, విశాఖ, విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల స్థలములన్నిటికిని చెల్లు కార్డొకటి యిచ్చి, ఆ సొమ్ములో నొక పాలు టిక్కెట్టులేని కొండల బాగునకు వినియోగించినచో, పొదుపును పోషణయు నొక్కమాఱే సాధింపవచ్చును.

ఇది గాలిమేడ గాదు. ప్రపంచములోని ఇట్టి ట్రస్టులన్నిటిని కూర్చు అంతర్జాతీయ సంస్థ 2007లో మన ఢిల్లీనగరముననే పుట్టినది. మన దేశమున 1984లో నేర్పడిన ఇన్‌టాక్ అను సంఘము సభ్యుల చందాలు స్వీకరించుచు జిల్లాలలో శాఖలు నడుపుచున్నది. విశాఖపట్టణమున నొక శాఖ కలదు. అనకాపల్లి చెంత శంకరములోని బొజ్జన్నకొండ బౌద్ధులు తొలిచిన గుహలును, రాతిస్తూపములును గల స్థలము. దానికి మనవారు పెట్టిన పేరునుబట్టియే మనము దానిని ఎంతగా మఱచితిమో తెలియును. కనుమపండుగనాడు చుట్టుపట్ల గ్రామములవారు వచ్చి, బొజ్జవలె నున్న యొక రూపును రాక్షసునిగా నెంచి రాళ్లు రువ్వుచుండిరి. దాని నాపించుటకు ఇన్‌టాక్‌వారు పూనుకొనిరి. ఆ రాళ్లు రువ్వుట నిలిచిపోయినది.