చెత్తకొండ నుంచి పార్కు దాకా: మిగిలిన అన్నానికి సియోల్ బిల్లు ఎందుకు వేసింది?



ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. కొన్నేళ్ళ కిందట మా కాలనీలో ఇంటింటికీ రెండు డబ్బాలు ఇచ్చారు. ఆకుపచ్చది తడి చెత్తకి, నీలంది పొడి చెత్తకి. మా అమ్మ నెల రోజులు శ్రద్ధగా వేరు చేసింది. ఒకరోజు గేటు దగ్గర నిలబడి చూస్తే, రెండు డబ్బాల చెత్తా బండిలో ఒకే కుప్పలో పడింది. అంతే! మర్నాటి నుంచి ఆ ఆకుపచ్చ డబ్బాలో మొక్కలకి నీళ్ళు పట్టుకుంటున్నాం.

మరి డబ్బాలు ఇస్తే సరిపోదా? ఇంకేం కావాలి? దీనికి జవాబు దక్షిణ కొరియా రాజధాని సియోల్ చరిత్రలో దొరుకుతుంది.

హాన్ నది ఒడ్డున నాన్‌జీదో అని ఒకప్పుడు పూలకి పేరున్న దీవి ఉండేది. 1978 నుంచి సియోల్ తన చెత్తంతా అక్కడే పోసింది. 15 ఏళ్ళలో అది 90 మీటర్లకు పైగా ఎత్తున్న రెండు కొండలయింది. ఆ చెత్త ఏరుకునే బతికిన కుటుంబాలు అక్కడే గుడిసెలు వేసుకున్నాయి. నగరం తిని పారేసింది, వాసన మాత్రం వాళ్ళు పీల్చారు.

1993లో దాన్ని మూసేశారు. చెత్త ఇంచియాన్ వైపు కొత్త డంపింగ్ యార్డుకి మళ్ళింది. కానీ జాగా మారితే సమస్య తీరుతుందా? తిండి చెత్తలో ఎక్కువ భాగం నీళ్ళే. పూడ్చిపెడితే గాలి ఆడక కుళ్ళి మీథేన్ పుడుతుంది, కంపు నీరు కారుతుంది.

అప్పుడు కొరియా ఒక్కో మెట్టూ ఎక్కింది. 1995లో చెత్తకి ప్రత్యేక సంచులు వచ్చాయి. ఎంత పారేస్తే అన్ని సంచులు కొనాలి. 2005లో తిండి చెత్తని నేరుగా పూడ్చడం నిషేధించారు. 2013 నాటికి దాన్నుంచి వచ్చే మురుగు నీటిని సముద్రంలో కలపడం కూడా ఆపేశారు. ఆ ఏడాదే తిండి చెత్తకి ఎంత వేస్తే అంత డబ్బు కట్టే పద్ధతి దేశమంతా వచ్చింది. చాలా అపార్ట్‌మెంట్లలో కార్డు చూపిస్తే డబ్బా మూత తెరుచుకుంటుంది, తూకం వేస్తుంది, బిల్లు రాస్తుంది. ఎముకలు, గుడ్డు పెంకులు అందులో వేయకూడదు. పశువులు తినగలిగేదేనా అన్నదే అక్కడి లెక్క.

ఫలితం? 1995లో తిండి చెత్తలో 2 శాతమే మళ్ళీ వాడుకలోకి వచ్చేది. ఇప్పుడది 95 శాతం దాకా చేరింది. దాణా, ఎరువు, గ్యాస్ అవుతోంది. అంతా సాఫీ అని కాదు. మన ఆవకాయలాగే వాళ్ళ కిమ్చీలోనూ ఉప్పెక్కువ, అందుకే ఆ ఎరువంటే రైతులకి అంత ఇష్టం ఉండదు.

ఇక్కడ అసలు పాయింట్ చూడండి. ముందు పాత దారి మూశారు, తర్వాత కొత్త దారి నడిచేలా చేశారు. డబ్బా ఆ దారిలో మొదటి మజిలీ మాత్రమే.

మన దగ్గరా ఉదాహరణ ఉంది. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకి సుమారు 10 టన్నుల వ్యర్థాలతో గ్యాస్, కరెంటు తయారుచేసే ప్లాంట్ పెట్టారు. 2021లో ప్రధాని 'మన్ కీ బాత్'లో దాని గురించి చెప్పారు కూడా. అక్కడ సులువు ఎందుకంటే, చెత్త ముందే వేరుగా ఉంటుంది, ప్లాంటు పక్కనే ఉంటుంది. ఇళ్ళ చెత్తకే ఈ రెండూ కుదరాలి. కుదరకపోతే ఆ భారమంతా జవహర్‌నగర్ లాంటి డంపింగ్ యార్డుల చుట్టూ బతికేవాళ్ళ మీదే పడుతుంది.

నాన్‌జీదో ఇప్పుడు పార్కు. 2002 వరల్డ్ కప్ ఏడాది తెరిచారు. జనం అక్కడ సెల్ఫీలు దిగుతుంటారు. వాళ్ళ కాళ్ళ కింద మాత్రం ఆ చెత్త ఇంకా అలాగే ఉంది.

రేపు మీ వీధిలోకి బండి వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. అందులో రెండు అరలు ఉన్నాయా, ఒకటేనా? ఏం కనిపించిందో కామెంట్‌లో రాయండి. మళ్ళీ కలుద్దాం.