డెత్ సర్టిఫికెట్‌లో చావుకు కారణం ఎందుకు ఉండదు? ఆ కాగితం ఎవరిస్తారో తెలుసా?

ఇంటి పెద్ద పోయారు. దినకర్మలు అయ్యాయి. డెత్ సర్టిఫికెట్ కూడా చేతికొచ్చింది. దాన్ని పట్టుకుని ప్రమాద బీమా క్లెయిమ్‌కు వెళ్తే, 'ఎలా చనిపోయారో ఇందులో లేదు, ఆ కాగితం తెండి' అంటారు. చాలామంది మళ్లీ మున్సిపల్ ఆఫీసుకో, సచివాలయానికో పరుగెడతారు. అక్కడ ఎన్నిసార్లు తిరిగినా ఫలితం ఉండదు.

ఎందుకంటే చట్టమే వద్దంటోంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం సెక్షన్ 17 ప్రకారం, రిజిస్టర్‌లో మరణ కారణం రాసి ఉన్నా సరే, బయటికిచ్చే కాపీలో దాన్ని చూపించకూడదు. కన్నకొడుకు అడిగినా అంతే. కాబట్టి అక్కడి సిబ్బందితో గొడవపడి లాభం లేదు.

మరి కారణం రాసిన కాగితం ఎక్కడ దొరుకుతుంది? ఆసుపత్రిలో చనిపోతే ఆసుపత్రిలోనే. చికిత్స చేసిన డాక్టరు సంతకంతో ఫారం 4 అనే మరణ కారణ ధ్రువపత్రం తయారవుతుంది. చట్టానికి 2023లో సవరణ జరిగింది, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఆసుపత్రి ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా ఈ పత్రాన్ని రిజిస్ట్రార్‌కు ఉచితంగా పంపాలి, ఒక కాపీ దగ్గరి బంధువుకూ ఇవ్వాలి. ఈ సంగతి తెలియక చాలా కుటుంబాలు బిల్లు కట్టేసి, బాడీ తీసుకుని వచ్చేస్తున్నాయి. డిశ్చార్జ్ కౌంటర్ దగ్గరే అడిగి తీసుకోవడం మంచిది.

చికిత్సపై అనుమానం ఉంటే కేస్ షీటు కూడా కావాలి. వైద్యుల నియమావళి (2002) ప్రకారం రోగి గానీ, ఆయన తరఫు అధీకృత వ్యక్తి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అడిగి, ఆ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. రికార్డులు దాచాల్సిన గడువు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లే. ప్రభుత్వ ఆసుపత్రి అయితే ఆర్టీఐ దారి కూడా ఉంది. జవాబుకు గడువు 30 రోజులు. 'వ్యక్తిగత సమాచారం' అని తిరస్కరిస్తే మరో 30 రోజుల్లోపు అప్పీలు వేసుకోవచ్చు.

రోడ్డు ప్రమాదం, కరెంటు షాక్, పాము కాటు లాంటివైతే కథ వేరు. ఇక్కడ కావాల్సినవి ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు. ఫిర్యాదు ఇచ్చినవారికి ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. పోస్టుమార్టం రిపోర్టు డాక్టరు నుంచి పోలీసులకు వెళ్తుంది కాబట్టి ముందు అడగాల్సింది కేసు చూస్తున్న స్టేషన్‌లోనే. ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే పీఎం సురక్షా బీమా క్లెయిమ్‌కు ఇలాంటి కాగితాలే ఆధారం. పోస్టుమార్టం వద్దని బతిమాలి శవాన్ని తెచ్చుకున్న ఇళ్లలో ఆ డబ్బు రావడం కష్టమే.

ఇక డెత్ సర్టిఫికెట్ సంగతి. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. సొంతూరు శ్రీకాకుళం జిల్లా అయినా, ప్రాణం విశాఖ ఆసుపత్రిలో పోతే రిజిస్టర్ విశాఖలోనే ఉంటుంది. 21 రోజుల్లోపు చెబితే ఆలస్య రుసుము లేదు. 30 రోజులు దాటితే జిల్లా రిజిస్ట్రార్ అనుమతి కావాలి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా వెళ్లాల్సిందే.

వారసులెవరో చెప్పే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ మాత్రం వేరు. అది తహసీల్దార్ ఇస్తారు. మీసేవలో, ఏపీలో అయితే సచివాలయంలోనూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకంటే ముందు డెత్ సర్టిఫికెట్‌లో పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూసుకోండి. తేడా ఉంటే సెక్షన్ 15 కింద అదే రిజిస్ట్రార్ దగ్గర సరిచేయించుకోవచ్చు.