పంచుకునే ఫోల్డరు: సన్ సర్వరు నుంచి క్లౌడ్ దాకా

అమెజాన్ క్లౌడ్‌లోని ఈఎఫ్ఎస్ అనే ఫైల్ స్టోరేజీని ఒక లినక్స్ సర్వరుకు మౌంట్ చేసి, డిస్కులో ఎంత చోటుందో చెప్పే డీఎఫ్ కమాండు కొడితే 8 ఎక్సాబైట్లు అని వస్తుంది. ఎక్సాబైటు అంటే పది లక్షల టెరాబైట్లు. అంత డిస్కు మన పేరున ఎవరూ తీసిపెట్టలేదు. డీఎఫ్‌కు ఏదో ఒక అంకె చెప్పక తప్పదు కాబట్టి ఎవరూ నింపలేని అంకె చెబుతున్నారు. నిజానికి ఇక్కడ సైజు ముందుగా చెప్పే పనే లేదు. ఫైళ్లు పెట్టినకొద్దీ పెరుగుతుంది, తీసేసినకొద్దీ తగ్గుతుంది, ఉన్నదానికే బిల్లు. అయినా ఏనాటిదో ఒక యూనిక్స్ కమాండు తడబడకుండా పనిచేయాలి. ఈ సేవ వెనకున్న చరిత్ర అంతా ఈ ఒక్క పట్టుదలదే: ఫైలు ఎక్కడున్నా సరే, దాన్ని తెరిచే ప్రోగ్రాముకు ఆ సంగతి పట్టకూడదు.

1982లో కాలిఫోర్నియాలో మొదలైన సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్లకు వర్క్‌స్టేషన్లు అమ్మేది. అప్పట్లో డిస్కులు ఖరీదైనవి. అందుకే డిస్కు లేని యంత్రాలు కూడా అమ్మి, అవి నెట్‌వర్క్ మీదుగా ఒక సర్వరు డిస్కు వాడుకునేలా చేశారు. ఎన్‌డీ అనే మొదటి ఏర్పాటులో ఆ డిస్కును ముక్కలు చేసి యంత్రానికొకటి ఇచ్చేవారు. రాసుకునే ముక్క ఎవరిది వాళ్లదే. పక్క గదిలో ఉన్నవాళ్లకు ఫైలు ఇవ్వాలంటే కాపీ చేయాల్సిందే. చేశాక రెండు కాపీలు, ఏది తాజాదో తెలియని తికమక.

ఈ చిక్కు విప్పడానికి సన్‌లో 1984లో పుట్టిందే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, అందరూ పిలిచే పేరు ఎన్ఎఫ్ఎస్. రసెల్ శాండ్‌బర్గ్, డేవిడ్ గోల్డ్‌బర్గ్, స్టీవ్ క్లైమన్, డాన్ వాల్ష్, బాబ్ లయన్ దాని నిర్మాణాన్ని 1985 వేసవిలో పోర్ట్‌లాండ్‌లో జరిగిన యూజ్‌నిక్స్ సదస్సులో వివరించారు. ఉన్న ప్రోగ్రాములను మార్చకూడదు, తిరిగి కంపైల్ కూడా చేయకూడదు అన్నది వాళ్ల నియమం. వేగం సొంత డిస్కులో దాదాపు 80 శాతం ఉంటే చాలనుకున్నారు.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసే నిర్ణయం మరొకటి: సర్వరు ఎవరినీ గుర్తుపెట్టుకోదు. ఏ యంత్రం ఏ ఫైలు తెరిచింది, ఎంతవరకు చదివింది అన్న లెక్క దాని దగ్గర ఉండదు. ఖాతా పుస్తకం కొట్లో కాకుండా కొనేవాళ్ల సంచిలోనే ఉన్నట్టు, ఏ ఫైలు, ఎక్కడి నుంచి, ఎన్ని బైట్లు అన్నదంతా ప్రతి అభ్యర్థనలోనూ ఉంటుంది. సర్వరు కూలిపోతే వాడుకునే యంత్రం అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతూ ఉంటుంది. సర్వరు లేచి జవాబు చెప్పగానే ప్రోగ్రాము ఆగినచోటు నుంచే సాగుతుంది. యంత్రాలు తరచూ పడిపోయే రోజుల్లో ఇంత నిబ్బరంగా కోలుకునే పద్ధతి మరొకటి దొరకడం కష్టం.

దీనికి చెల్లించిన మూల్యమూ ఉంది. గుర్తుంచుకోని సర్వరు, రాసిన ప్రతి ముక్కా డిస్కు మీదికి చేరాకే సరే అనాలి. దాంతో రాతలు నెమ్మదించాయి. 1995లో వచ్చిన మూడో వెర్షన్, ముక్కలన్నీ పంపేసి చివర్లో ఒకేసారి ఖాయం చేసుకునే వీలు కల్పించింది. మరో పేచీ: యూనిక్స్‌లో తెరిచి ఉన్న ఫైలును తుడిచేసినా, తెరిచిన ప్రోగ్రాము దాన్ని మూసేదాకా వాడుకోవచ్చు. ఎవరు తెరిచారో తెలియని సర్వరు ఆ మాట ఎలా నిలబెడుతుంది? అందుకే వాడుకునే యంత్రమే ఆ ఫైలును తుడవకుండా, చుక్క ఎన్ఎఫ్ఎస్ అని మొదలయ్యే దాపుడు పేరు పెట్టి, పని అయ్యాక తీసేస్తుంది. ఖాళీ అనుకున్న ఫోల్డరు ఎందుకు పోవడం లేదా అని తలపట్టుకున్న అడ్మిన్లకు ఈ ఫైళ్లు బాగా తెలుసు. ఇద్దరు ఒకేసారి రాయకుండా వేసే లాక్‌ల సంగతి మొదట్లో వేరే ప్రోగ్రాముకు అప్పగించారు, అది చాలాకాలం ఏడిపించింది. లాక్‌లు లోపలికే వచ్చింది నాలుగో వెర్షన్‌లో. గుర్తుపెట్టుకోని సర్వరుకు చివరికి జ్ఞాపకం అబ్బింది, అది కూడా గడువు పెట్టిన జ్ఞాపకం. యంత్రం ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకోకపోతే లాక్ చెల్లదు.

ఎన్ఎఫ్ఎస్ పుట్టిన కాలంలోనే పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో, ఐఐటీ మద్రాసులో చదివిన మహదేవ్ సత్యనారాయణన్ వంటివారు ఆండ్రూ ఫైల్ సిస్టమ్‌ను నిర్మించారు. అది ఫైలు మొత్తాన్ని యంత్రంలోకి తెచ్చుకుని, ఎవరైనా మారిస్తే కబురందుకునేది. ఐబీఎంలో బారీ ఫైగన్‌బామ్ మొదలుపెట్టిన ఎస్ఎంబీ అనే ఫైళ్లు పంచుకునే పద్ధతి మైక్రోసాఫ్ట్ చేతిలో పెరిగి విండోస్ ఆఫీసులన్నిటా షేర్డ్ ఫోల్డరుగా పాతుకుపోయింది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో 2015లో పూర్తిస్థాయి సేవగా వచ్చిన అజూర్ ఫైల్స్‌కు మూలం అదే.

ఒక్కరోజు కిందటి ఫైలును వెనక్కి తెచ్చే స్నాప్‌షాట్‌ను ఈ రంగంలో వాడుకలోకి తెచ్చిన ఘనత 1992లో పుట్టిన నెట్ఆప్ కంపెనీకి దక్కాలి. వాళ్ల ఫైల్ సిస్టమ్ పాత బ్లాకు మీద తిరగరాయదు, కొత్తది వేరేచోట రాస్తుంది. కాబట్టి పాత చిత్రాన్ని నిలుపుకోవడానికి పాత బ్లాకులను వదిలేయకుండా ఉంటే చాలు.

క్లౌడ్ వచ్చేసరికి ఫైలుకు చోటు లేకుండా పోయింది. 2006లో వచ్చిన అమెజాన్ ఎస్3లో ఫైలును ఒక వస్తువుగా మొత్తం పెట్టాలి, మొత్తాన్ని మార్చాలి, మధ్యలో నాలుగు బైట్లు దిద్దడం కుదరదు. 2008 నాటి ఈబీఎస్ నిజమైన డిస్కులాంటిదే, కానీ అప్పట్లో ఒక్క సర్వరుకే తగిలించగలిగేవారు. పది వెబ్ సర్వర్లు ఒకే అప్‌లోడ్ ఫోల్డరు చూడాలంటే ఎవరికి వారు ఎన్ఎఫ్ఎస్ సర్వరు నిలబెట్టుకుని, అది రాత్రిపూట పడిపోతే లేచి చూసుకోవాల్సి వచ్చేది. ఆ కాపలా పని మాకు వదిలేయండంటూ అమెజాన్ 2015 ఏప్రిల్‌లో ఈఎఫ్ఎస్‌ను ప్రకటించింది, 2016లో అందరికీ తెరిచింది. మాట్లాడే భాష ఎన్ఎఫ్ఎస్ నాలుగో వెర్షనే. ఫైళ్లు మామూలుగా ఒకే రీజియన్‌లోని వేర్వేరు జోన్లలో, అంటే విడివిడి డేటా సెంటర్ల గుంపుల్లో ఉంటాయి, ఒక జోన్ మొత్తం పోయినా అందుతాయి. 2022 నవంబరులో అమెజాన్ తెరిచిన హైదరాబాద్ రీజియన్‌లోనూ అలాంటి జోన్లు మూడున్నాయి.

మొదట్లో ఈఎఫ్ఎస్‌కు పెద్ద లోపం ఉండేది. వేగాన్ని నిల్వకు ముడిపెట్టారు: ప్రతి జీబీకి సెకనుకు 50 కేబీ. వాడని వేగం క్రెడిట్లుగా జమ అవుతుంది, అవి అయిపోతే మళ్లీ అసలు వేగానికే. 10 జీబీ ఫైళ్లున్న చిన్న వెబ్‌సైటుకు దక్కేది సెకనుకు అర ఎంబీ! మొదటి రోజుల్లో హుషారుగా నడిచిన సైటు క్రెడిట్లు కరిగాక నత్తనడక పట్టేది. వేగం కోసం పనికిరాని ఫైళ్లు నింపి డబ్బు కట్టినవాళ్లున్నారు. సైజు అంచనా వేయక్కర్లేదని చెప్పి, అంచనా భారాన్ని మరో పేరుతో మళ్లీ నెత్తిన పెట్టడం నా దృష్టిలో తప్పే. 2018లో కావాల్సిన వేగాన్ని విడిగా కొనుక్కునే వీలు, 2022లో వాడినంత వేగానికే కట్టే పద్ధతి వచ్చాకే అది సర్దుకుంది.

మంచి పని 2019లో జరిగింది. చాలాకాలం ఎవరూ తాకని ఫైళ్లు చౌక నిల్వలోకి వాటంతటవే వెళ్లే ఏర్పాటు వచ్చింది. ఫైలు దారి మారదు, పేరు మారదు. తెరిచినప్పుడు కాస్త ఆలస్యం, చదివినందుకు కొంత రుసుము, అంతే.

మిగిలింది దూరం. ప్రతి ఫైలూ తెరవడానికి నెట్‌వర్క్ మీదుగా వెళ్లి రావాలి. పెద్ద వీడియో ఒక్కటైతే ఆ ప్రయాణం లెక్కలోకి రాదు. ప్యాకేజీల ఫోల్డరులోని లక్ష చిన్న ఫైళ్లయితే ఆలస్యం లక్ష రెట్లు. అందుకే అనుభవమున్నవాళ్లు కోడ్ బిల్డ్‌ను సర్వరు సొంత డిస్కు మీదే చేసి, తయారైన ఫైళ్లను మాత్రం పంచుకునే ఫోల్డరులో పెడతారు.