పులిజూదం

పులిజూదం లేదా పులి-మేక తెలుగు పల్లెలలో అరుగుల మీద సుద్దతో గీసి ఇద్దరు ఆడే సంప్రదాయ వ్యూహక్రీడ. పటంలో 23 కూడళ్ళుంటాయి. ఒకరికి 3 పులులు, మరొకరికి 15 మేకలు. పులి పక్కనున్న మేక మీదుగా ఆవలి ఖాళీ కూడలికి దూకి దానిని చంపుతుంది. మేకకు చంపే శక్తి లేదు. పులులన్నిటినీ కదలనీయకుండా కట్టివేస్తే మేకల పక్షం గెలుస్తుంది.

బలమైన పావును అదుపులో ఉంచే సమస్య నేటి వీడియో ఆటలలోనూ ఉన్నదే. 1998లో విడుదలైన స్టార్‌క్రాఫ్ట్‌లో సైనికునికి 50 ఖనిజాలు చాలగా, సీజ్ ట్యాంకుకు 150 ఖనిజాలు, 100 వాయువు కావాలి. పులిజూదంలో ధరలు లేవు. సంఖ్య, సమయమే తూకం. మేకలు ఒక్కొక్కటిగా దిగుతాయి. 15 దిగేవరకు ఏ మేకా కదలరాదు, పులులు మాత్రం వేటాడవచ్చు. అందుచేత తొలిదశయే మేకలకు గండం. వెనుక ఖాళీ లేని మేకపై పులి దూకలేదు కనుక వాటిని అంచుల నుండి పేర్చుకొని రావడం మేలు.