అమ్మకంలో ఎవరి మాట చెల్లుతుంది? ఎర్రగుంట్ల పరిశ్రమల యాజమాన్య రూపాలు – ఒక తులనాత్మక పరిశీలన

వ్యాపార యాజమాన్య రూపాల మీద మన వాణిజ్యశాస్త్ర విభాగాల్లో వస్తున్న తులనాత్మక అధ్యయనాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఒక పట్టిక గీస్తారు. నిలువునా ఇండియా, బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్. అడ్డంగా పరిమిత బాధ్యత, చట్టపరమైన వ్యక్తిత్వం, వాటాల బదిలీ. గళ్లలో ‘ఉంది’, ‘లేదు’ అని నింపుతారు. నాలుగు దేశాలకూ గళ్లు దాదాపు ఒకేలా నిండేసరికి లోకమంతా ఒకే దారిలో నడుస్తోందని తేల్చేస్తారు.

ఈ పద్ధతికి పెద్ద దన్ను హెన్రీ హాన్స్‌మన్, రైనియర్ క్రాక్‌మన్. కంపెనీ చట్టం వరకు చరిత్ర ముగిసిపోయిందని వీరిద్దరూ 2001లో జార్జ్‌టౌన్ లా జర్నల్‌లో వాదించారు. మేనేజర్ల చేతిలో నడిచే కంపెనీ, కార్మికులకు బోర్డులో చోటిచ్చే జర్మన్ పద్ధతి, ప్రభుత్వం నడిపే కంపెనీ మూడూ ఓడిపోయాయనీ, వాటాదారుల మేలు కోసం నడిచే కంపెనీయే గెలిచిందనీ వారి తీర్పు. పావు శతాబ్దంగా ఆ తీర్పును మనవాళ్లు పరీక్షించకుండానే ఉటంకిస్తున్నారు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఒకసారి తిరిగితే అది నిలవదని నా వాదన.

కడప జిల్లాలోని ఈ సున్నపురాతి నేల మీద ఇన్ని రకాల యజమానులు ఎందుకు వచ్చి చేరారో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. 1965లో కేంద్రం పెట్టిన సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఇక్కడ ఫ్యాక్టరీ నడిపింది. అది 1990ల చివర ఇండియా సిమెంట్స్ పరమైంది. అంతకుముందే, 1990లో, చిలమకూరులోని కోరమాండల్ ఫ్యాక్టరీ కూడా ఆ కంపెనీకే వెళ్లింది. 2024 డిసెంబరులో ఇండియా సిమెంట్స్ ప్రమోటర్ల వాటాను అల్ట్రాటెక్ కొనుక్కుంది. కృష్ణానగర్‌లోని జువారీ సిమెంట్‌లో ఇటలీ వారి ఇతాల్‌చెమెంతి 2001లో సగం, 2006లో మొత్తం తీసుకుంది. 2016లో ఇతాల్‌చెమెంతినే జర్మనీ వారి హైడెల్‌బర్గ్ కొనడంతో జువారీ కూడా వారి కిందికి పోయింది. కమలాపురం మండలం నల్లలింగాయపల్లెలోని భారతి సిమెంట్‌లో 2010 నుంచి 51 శాతం ఫ్రాన్స్ వారి వికా కంపెనీది. పట్టికలో ఇవన్నీ ఒకే గడిలో పడతాయి: లిమిటెడ్ కంపెనీలు. సర్కారు కంపెనీ కూడా కంపెనీల చట్టం కిందిదే కదా!

ఇప్పుడు ఆ గడిని విప్పి చూద్దాం. వికాను 1853లో స్థాపించిన జోసెఫ్ వికా, కృత్రిమ సిమెంటు తయారీని 1817లో కనిపెట్టిన లూయీ వికా కొడుకు. కంపెనీలో సగానికి పైగా వాటా నేటికీ ఆ కుటుంబ వారసులదే. ఫ్రాన్స్ 2014లో తెచ్చిన ఫ్లోరాంజ్ చట్టం ప్రకారం, స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలో ఒకే పేరు మీద రెండేళ్లు నమోదై ఉన్న వాటాకు రెండు ఓట్లు వస్తాయి; వద్దనుకున్న కంపెనీ తన నియమావళిలో అలా రాసుకోవాలి. ఓపిక పట్టి కూర్చున్నవాడికి ఎక్కువ బలమిచ్చే చట్టమిది. వాటాదారుల మేలు కోసం నడిచే కంపెనీయే గెలిచిందన్న తీర్పు వెలువడిన పదమూడేళ్లకు వచ్చింది. చరిత్ర ముగిసి ఉంటే ఈ చట్టం ఎక్కడినుంచి ఊడిపడింది?

నల్లలింగాయపల్లెలో సంగతి ఇంకా చిక్కుగా ఉంది. 51 శాతం చేతిలో ఉన్నవాడే యజమాని అని పేపర్లు రాస్తాయి. మన చట్టంలో ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే పోలైన ఓట్లలో కనీసం నాలుగింట మూడొంతులు రావాలి. నియమావళిలో ఒక్క అక్షరం మార్చాలన్నా 49 శాతం ఉన్న వ్యవస్థాపకులను ఒప్పించాల్సిందే. ఆ మిగిలిన వాటా సంపాదించడానికి కాదు, ఆపడానికి.

జర్మన్ కంపెనీ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే నా ఫిర్యాదు మూలం అక్కడుంది. 1976 నాటి జర్మన్ చట్టం ప్రకారం రెండు వేల మందికి పైగా కార్మికులున్న కంపెనీల పర్యవేక్షక మండలిలో సగం స్థానాలు కార్మిక ప్రతినిధులవి. హైడెల్‌బర్గ్ మండలిలోనూ అంతే. అయితే ఆ ఓటు జర్మనీలో పనిచేసేవారికే. టూయీ అనే జర్మన్ పర్యాటక సంస్థ కేసులో, పొరుగు యూరప్ దేశాల్లోని అనుబంధ కంపెనీల ఉద్యోగులకు ఓటు లేకపోయినా తప్పు కాదని యూరోపియన్ న్యాయస్థానం 2017 జులైలో తీర్పిచ్చింది. ఆస్ట్రియా కార్మికుడికే లేని ఓటు కృష్ణానగర్ కార్మికుడికి ఎక్కడినుంచి వస్తుంది? సరిగ్గా అదే 1976లో మన రాజ్యాంగంలో 43ఏ అధికరణం చేరింది. పరిశ్రమల నిర్వహణలో కార్మికులకు పాలు ఉండాలని రాసుకున్నాం. 1990లో అందుకోసం రాజ్యసభలో బిల్లు కూడా పెట్టారు. అది చట్టం కాలేదు. జర్మన్ పద్ధతి ఓడిపోయిందని రాసినవారు చూడనిది ఇదే: అది సొంత దేశంలో బతికే ఉంది, సరిహద్దు దాటేటప్పుడు మాత్రం దాన్ని విప్పి పక్కన పెడుతున్నారు. ఒకే కంపెనీ, హైడెల్‌బర్గ్‌లో ఒక రూపం, ఎర్రగుంట్లలో ఇంకో రూపం.

ఏ రూపం నిజంగా ఏమిటో తేల్చేది అమ్మకమే; అందుకు మన సుప్రీంకోర్టే ఆధారమిచ్చింది. రాజస్థాన్‌లోని నాగౌర్ జిల్లాలో గోటన్ లైమ్‌స్టోన్ ఖనిజ్ ఉద్యోగ్ అనే భాగస్వామ్య సంస్థకు సున్నపురాతి లీజు ఉండేది. సంస్థ ప్రైవేట్ లిమిటెడ్‌గా మారింది, లీజు కంపెనీ పేరుకు మారింది, ఆ వెంటనే వాటాలన్నీ అల్ట్రాటెక్‌కు వెళ్లాయి. కాగితం మీద లీజు చేతులు మారలేదు; మారినవి వాటాలే. 2016 జనవరిలో కోర్టు ఆ ముసుగు తొలగించి, ఇది అనుమతి లేకుండా లీజును అమ్ముకోవడమేనని చెప్పింది. రూపం ఏదైనా, అమ్మింది గని కదా అన్నది ఆ తీర్పు సారం. గోటన్‌లో రూపం మార్పు అమ్మకం కోసమే జరిగిందనీ, పాత కంపెనీల వాటాల అమ్మకానికి ఆ తీర్పు అంతే గట్టిగా వర్తించదనీ న్యాయవాదులు అంటారు. కావచ్చు. ఇతాల్‌చెమెంతి ఊరు బెర్గమోలోనో ఇండియా సిమెంట్స్ ఊరు చెన్నైలోనో వాటా చేతులు మారినప్పుడల్లా ఇక్కడి సున్నపురాయి కదిలిపోతోందన్న సంగతి మాత్రం ఆ అభ్యంతరంతో చెదరదు.

ఇక బండల పాలిష్ షెడ్లు. రోడ్డు పక్క తెల్ల బురద కుప్పలు, లోపల నాపరాళ్ల మీద తిరిగే రాయి, నీళ్ల చప్పుడు. ఒక షెడ్డులో యజమాని ఎవరని అడిగితే కట్టరు దగ్గరున్న పెద్దాయన, “పావలా నాది, పావలా మా బామ్మర్దిది, అర్ధరూపాయి పొద్దుటూరు సావుకారుది. కాయితాల్లో మాత్రం మా ఆడమనిషి పేరుండాది సామీ” అన్నాడు. లెక్కలు ఒక పొడుగు నోటుపుస్తకంలో ఉన్నాయి; బండి బాడుగ, కరెంటు బిల్లు, వాటాల ఖాతా ఒకే చేతి రాత. పట్టిక గీసేవారు దీన్ని ‘సొంత వ్యాపారం’ గడిలో వేసి ముందుకెళ్తారు.

నిజానికి ఈ షెడ్డుకు దగ్గరి చుట్టం ఫ్రెంచి సివిల్ కోడ్‌లో ఉంది. 1871వ అధికరణం కింది సొసియేతే ఆన్ పార్తిసిపాసియోఁ నమోదు అక్కర్లేని, బయటి లోకానికి తెలియనక్కర్లేని భాగస్వామ్యం. దానికి వ్యక్తిత్వం లేకపోయినా లోపలి ఒప్పందాన్ని అక్కడి కోర్టు మన్నిస్తుంది. మన 1932 నాటి భాగస్వామ్య చట్టం 69వ సెక్షను మాత్రం నమోదు కాని సంస్థ బయటివాడి మీద దావా వేయకుండా, భాగస్వామి భాగస్వామి మీద ఒప్పందం నిలబెట్టుకోలేకుండా కట్టేసింది. సంస్థను రద్దు చేసి లెక్క తేల్చమని అడగడానికే దారి వదిలింది. మనకు మాతృక అయిన 1890 నాటి ఇంగ్లండు చట్టంలో ఈ శిక్ష లేదు. స్కాట్లండులో భాగస్వామ్య సంస్థకు వ్యక్తిత్వమే ఉంది. జర్మనీ కూడా 2024 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన సంస్కరణలో సాధారణ భాగస్వామ్యానికి హక్కులు పొందే సామర్థ్యాన్ని చట్టంలోనే రాసి, ఇష్టమైనవారికి రిజిస్టరు తెరిచింది. చిన్నవాడి భాగస్వామ్యాన్ని ఇన్ని దేశాలు నిలబెడుతుంటే, మన చట్టం దాన్ని కూల్చుకోవడానికే తలుపు తెరిచింది.

కాబట్టి రూపాలను పోల్చేటప్పుడు పేరును పక్కన పెట్టి మూడు ప్రశ్నలు వేయాలి: ఆస్తి అమ్మేటప్పుడు ఎవరు కాదనగలరు, ఎవరికి ముందే తెలుస్తుంది, తర్వాత ఎవరు కోర్టుకెక్కగలరు? ఈ కొలతతో చూస్తే ఎర్రగుంట్ల లిమిటెడ్ కంపెనీలు నాలుగు వేర్వేరు జాతులు. కోర్టు ప్రశ్న దగ్గర తప్ప, పాలిష్ షెడ్డు, ఫ్రెంచి రహస్య భాగస్వామ్యం ఒకే జాతి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి షెడ్లలో అడిగినా, ఏ దేశపు గనుల ఊళ్లో అడిగినా ఈ వరుసే బయటపడుతుందని నా నమ్మకం. పావలా వాటాదారుడు షెడ్డును నిలుపుకుంటూనే తన వాటా కోసం దావా వేసే హక్కు 69వ సెక్షనులో చేరాలి. లీజున్న కంపెనీలో సగానికి మించి వాటా చేతులు మారితే ముందుగా గ్రామసభలో చదివి వినిపించాలన్న షరతు గనుల చట్టంలో చేరాలి.