క్లోరోఫారము - శిష్యుని చూపు

వికారాబాదులో 2023వ సంవత్సరమున ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. దోమ మొదలగు ఊళ్లనుండి అచటి ఆసుపత్రికి పోవు రోగి మంచము ప్రక్కన ఇక వైద్య విద్యార్థులును నిలుచుందురు. తన చదువుకు శరీరమును అప్పగించిన రోగియెడ విద్యార్థి ఎట్లు మెలగవలెను? హైదరాబాదుకు ఇది క్రొత్త ప్రశ్న కాదు.

1846లో స్థాపింపబడిన హైదరాబాదు వైద్య పాఠశాలయే నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలము. 1885 నుండి దానికి ఎడ్వర్డ్ లారీ అధిపతిగా నుండెను. ఆయన ఎడింబరోలో జేమ్స్ సైమ్ అను శస్త్రవైద్యుని శిష్యుడు. క్లోరోఫారము ఇచ్చువాడు నాడిని గాక శ్వాసను కనిపెట్టవలెనని సైమ్ బోధించెడివాడు. లారీ అదే తన విద్యార్థులకు నేర్పెను.

క్లోరోఫారము త్వరగా ఆవిరియగు ద్రవము. గుడ్డపై కొన్ని చుక్కలు వేసి ముక్కువద్ద పట్టుకొన్నచో రోగికి తెలివి తప్పును. మోతాదు మించినచో శ్వాస ఆగును. రోగిని పరుండబెట్టి, రొమ్ముపై బిగువు లేకుండ చేసి, ఊపిరి కదలిక ఎల్లప్పుడు కంటబడునట్లు చూడవలెను. ప్రక్కనే గురువు కత్తిపట్టి పనిచేయుచుండగా కుఱ్ఱవాని చూపు అటు పోకుండునా? పోరాదు. ఇది తెలివికి సంబంధించిన పాఠము కాదు, నడవడికి సంబంధించినది.

1885లో పాఠశాలలో చేరిన స్త్రీలలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. 1889లో హకీం పట్టము పొంది, మత్తు ఇచ్చుటలో ఆమె ప్రసిద్ధికెక్కెను. ప్రపంచములో తొలి మత్తువైద్యురాండ్రలో ఆమెను లెక్కింతురు.

లారీ 1888లో ఒక సంఘమును నియమించి కుక్కలపై ప్రయోగములు చేయించెను. శ్వాస ఆగిన పిమ్మటనే గుండె ఆగునని తేలినది. లండనులోని ‘లాన్సెట్’ పత్రిక దీనిని నమ్మలేదు. అప్పుడు నిజాము మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌనులిచ్చి, పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్‌ను రప్పించెను. 1889లో నాలుగువందలకు పైగా జంతువులపై పరీక్షలు జరిపి, రెండవ సంఘమును అదియే నిర్ణయించెను.

కాని ఆ నిర్ణయము సంపూర్ణము కాదు. మత్తు తేలికగా నున్నప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించెను. గురువునందు గల విశ్వాసము లారీ చేత నాడిని చిన్నచూపు చూడజేసినదనుట న్యాయమే. మెలకువగా నుండుమను ఆయన పాఠము మాత్రము చెడలేదు, చూడవలసినవి రెండైనవి.

2019లో చేరిన విద్యార్థులనుండి ఎం.బి.బి.ఎస్. పాఠ్యక్రమములో వైఖరి, నీతి, సంభాషణ అను అంశము చేర్చబడినది. రోగికి విషయము తెలిపి సమ్మతి అడుగుట, వాని రహస్యము కాపాడుట, మరణవార్త చెప్పుట అందు నేర్పుదురు. అఫ్జల్‌గంజి ఆసుపత్రిలో క్లోరోఫారము గుడ్డ పట్టిన విద్యార్థికి ఇట్టి పాఠ్యపుస్తకము లేదు. వాని కన్నులయెదుట ఉన్నదెల్ల లేచి పడుచున్న ఒక రొమ్ము మాత్రమే.