రెండు రెక్కల మేఘము

ఓరుగల్లు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 18 డిగ్రీల దూరమున ఉన్నది. ఖమధ్యరేఖకు దక్షిణమున అంతే దూరములో ఎన్.జి.సి. 2440 అను చిన్న వెలుగుమచ్చ కలదు. జనవరి నడుమ, అర్ధరాత్రి ప్రాంతమున, లుబ్ధక నక్షత్రము దాటిన గంటకు అది మన దక్షిణాకాశమున ఉచ్చస్థానమును చేరును. చూచుటకు దూరదర్శిని కావలెను.

దీనిని 1790లో విలియం హెర్షెల్ కనుగొనెను. ఇట్టి మచ్చలు గ్రహబింబములవలె గుండ్రముగా తోచుటచే అతడు వీనికి గ్రహ నీహారికలని పేరిడెను. గ్రహములతో వీనికి సంబంధము లేకున్నను పేరు నిలిచిపోయినది. 1864లో విలియం హగ్గిన్స్ ఇట్టి నీహారిక నొకదానిని వర్ణపటదర్శినితో పరీక్షించి, అది వెలిగెడు వాయువని తేల్చెను.

మన ప్రాంతమున 1901లో నవాబు జఫర్ జంగ్ హైదరాబాదులో స్థాపించిన నిజామియా వేధశాలను 1908లో ప్రభుత్వము స్వీకరించెను. నాడు ఓరుగల్లును ఆ రాజ్యములోనిదే. ఆకాశమునంతను ఛాయాచిత్రములలో పట్టి నక్షత్రముల పట్టిక కూర్చుటకు 1887లో పారిస్ నగరమున సంకల్పించిన మహాకార్యములో, దక్షిణమున 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ ఈ వేధశాల వంతు అయ్యెను. పోకాక్, భాస్కరన్ గార్ల ఆధ్వర్యమున బేగంపేటలో పలకలమీది చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచిరి. మనము చెప్పుకొను నీహారిక ఆ పట్టీలోనిదే. అయితే ఇట్టి మేఘమెట్లు పుట్టునో నాటికి ఎవ్వరికిని తెలియదు.

సూర్యునివంటి తార ఇంధనము తరుగగా ఉబ్బి ఎర్రబారును. ధూళితో కూడిన పైపొరలను మెల్లగా విడుచును. పిమ్మట బయల్పడిన నడిగుండెనుండి పలుచని గాలి మహావేగముతో వీచి, ముందుపోయిన వాయువును నెట్టును. ఈ రెండు గాలుల సిద్ధాంతమును 1978లో సన్ క్వాక్ మొదలగువారు ప్రతిపాదించిరి. చెంత జంటతార యున్నచో ధూళి వడ్డాణమువలె నడుమును చుట్టుకొనును. ప్రక్కలకు దారిలేని గాలి రెండు కొనలవైపు పొంగును. అవియే రెక్కలు. ఎన్.జి.సి. 2440లో అట్టి జతలు ఒకటికి మించి, వేర్వేరు దిక్కులకు తిరిగియున్నవి. కావున ఆ తార పలుమారులు పొరలను విసరినదని శాస్త్రజ్ఞులు తలంతురు. దాని నడిమి తార వేడిమి సుమారు రెండు లక్షల డిగ్రీలు.

కొన్ని వేల యేండ్లకు ఇట్టి మేఘము చెదరి, అందలి కర్బనము, నత్రజని అంతరిక్షమున కలియును. మన దేహములలోని కర్బనమున కొంత అట్టి తారలలో పుట్టినదే. సుమారు 500 కోట్ల యేండ్లకు సూర్యుడును పొరలు విడుచును. తోడులేని అతనికి ఇట్టి రెక్కలు వచ్చుట అరుదని పలువురి అభిప్రాయము.

ఆకాశమందలి మార్పు ఒక తరమువారి కంటికి అందదు. అందుచేతనే పాత కొలతలకు విలువ. హైదరాబాదు మొదలగు వేధశాలల నాటి పట్టికలను హిప్పార్కస్ ఉపగ్రహపు కొలతలతో పోల్చి, 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో లక్షలాది తారల గమనమును నిర్ణయించిరి. బేగంపేటలో చుక్కలు కొలిచినవారి శ్రమ ఆ విధముగా ఫలించినది.